బటన్ నొక్కకపోయినా వాకీటాకీ వింటుంది: మైకును ఇలా కట్టేయండి

సిరిమాను పండగ దగ్గరపడిందంటే విజయనగరంలో నా బల్ల మీద వాకీటాకీ సెట్లు గుట్టపడతాయి. తెచ్చిన వాళ్లందరి మాటా ఒకటే: "మేం మాట్లాడేది బయటికి వినబడకూడదు గురూ." బటన్ నొక్కకుండా మాట్లాడుకున్నది కూడా వినబడొచ్చని మాత్రం ఎవరికీ తట్టదు.

డీఎంఆర్ అనే డిజిటల్ పద్ధతిలో పనిచేసే వాకీటాకీ సెట్లలో చాలావాటికి రిమోట్ మానిటర్ అనే సదుపాయం ఉంటుంది. కంట్రోల్ రూమ్ నుంచి మీ సెట్ ఐడీకి (దాని గుర్తింపు నంబరుకి) ఒక ఆదేశం వస్తే, మైకు దానంతట అదే తెరుచుకుని కాసేపు చుట్టుపక్కల మాటల్ని పంపేస్తుంది. తెర మీద గుర్తు కూడా రాకపోవచ్చు. గార్డు ఎక్కడైనా పడిపోయాడేమో తెలుసుకోవడానికి పెట్టిందది. కానీ మీ ఫ్రీక్వెన్సీ, కలర్ కోడ్, ఐడీ తెలిసినవాడు బయటి సెట్‌తోనూ ఆ ఆదేశం పంపొచ్చు. ఒక గుంపు సెట్లన్నిటికీ కలిపి పెట్టే నంబరే కలర్ కోడ్, అవి 0 నుంచి 15 వరకే, పట్టుకోవడం ఏమంత కష్టం కాదు.

సెట్‌ను కేబుల్‌తో కంప్యూటర్‌కి తగిలించి, ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్‌లో ముందు ఉన్న సెట్టింగులను ఫైల్‌గా దాచండి. తర్వాత రిమోట్ మానిటర్ డీకోడ్ దగ్గర టిక్కు తీసేయండి. ఆదేశం అందుకునేది ఆ డీకోడే. సెట్ ఎమర్జెన్సీలో ఉన్నప్పుడు మాత్రమే మైకు తెరిచేందుకు వేరే టిక్కు ఉంటే, రాత్రి ఒంటరిగా డ్యూటీ చేసేవాళ్ల సెట్లలో దాన్ని ఉంచమనే చెబుతాను. కానీ ఆ సంగతి వాళ్లకి చెప్పి ఉంచండి. చెప్పకుండా వినడం నాకు నచ్చదు. అయ్యాక, ఆదేశం పంపగల ఇంకో సెట్‌తో ప్రయత్నించి చూడండి. మైకు తెరుచుకోకూడదు.

ఆ వెంటనే సాఫ్ట్‌వేర్‌లో రీడ్ (సెట్‌లోని సెట్టింగులు చదవడం), రైట్ (వాటిని మార్చి రాయడం) రెండింటికీ పాస్‌వర్డ్ పెట్టండి. లేదంటే కేబుల్ ఉన్నవాడెవడైనా ఆ టిక్కు మళ్లీ పెట్టేస్తాడు.

ఇక మామూలు మాటల సంగతి. ఎన్‌క్రిప్షన్ (మాటను రహస్య సంకేతంగా మార్చి పంపడం) ఉంటే, దాన్ని విప్పే రహస్య సంఖ్య, అంటే కీ, కంపెనీ ఇచ్చినది వాడకండి, సొంతది రాయండి. అన్ని సెట్లలోనూ ఒకటే ఉండాలి, ఒక్క అంకె తేడా వచ్చినా గరగరే. మోటరోలా సెట్లలో బేసిక్ ప్రైవసీ అనే తేలికపాటి ఎన్‌క్రిప్షన్‌లో ఉన్న కీలు 255 మాత్రమే. వీలుంటే 256 బిట్ల ఏఈఎస్ అనే గట్టి ఎన్‌క్రిప్షన్ ఉన్న మోడల్ తీసుకోండి. లైసెన్సు షరతులు ముందే చూసుకోండి. అనలాగ్ (పాత రకం) సెట్లకి సీటీసీఎస్ఎస్ టోన్, అంటే మాటతో పాటు వెళ్లే సన్నటి గుర్తు శబ్దం, పెట్టించుకుని ధీమాగా ఉంటారు కొందరు. ఆ టోన్ పక్కవాళ్ల గోల మీకు వినబడకుండా ఆపుతుందంతే, మీ మాటని దాచదు. ఫ్రీక్వెన్సీలు వెతికి వినిపించే స్కానర్ ఉంటే చాలు, వినేస్తారు.

పండగ రద్దీలో, మూడు లాంతర్ల దగ్గరో కోట దగ్గరో, సెట్ పోయిందనుకోండి. ఆ సెట్‌లో రేడియో డిసేబుల్ (దూరం నుంచే సెట్‌ను పనిచేయకుండా ఆపే ఆదేశం) ముందే ప్రోగ్రామ్ చేసి ఉంటే వెంటనే పంపండి. ఆన్‌లో ఉండి, రేంజ్‌లో ఉంటేనే అది పనిచేస్తుంది. అందుకే మిగతా సెట్లకి అదే రోజు కీ మార్పించండి. ప్రోగ్రామింగ్ ఎక్కడ చేయించినా మీ సెట్టింగుల ఫైల్ అడిగి తీసుకుని, చేసినవాళ్ల ల్యాప్‌టాప్‌లో మీ ఎదురుగానే తీసేయించండి. నన్నడిగినా సరే.