ప్రోగ్రామింగ్ వచ్చినా అల్గారిథమ్స్ కోర్సు ఎందుకు కొరుకుడు పడదు: సమస్య - పరిష్కారం

చకచకా ప్రోగ్రాములు రాసే విద్యార్థులు కూడా డేటా స్ట్రక్చర్స్ (డేటాను అమర్చే పద్ధతులు), అల్గారిథమ్స్ (సమస్యను తేల్చే అడుగుల వరుస) కోర్సు మొదలైన కొన్ని వారాలకే తడబడతారు. తెలివి తక్కువై కాదు. ఇది ప్రోగ్రామింగ్ కోర్సుకు రెండో భాగమని అనుకుని రావడమే మొదటి పొరపాటు. అక్కడ ప్రోగ్రాము సరైన జవాబిస్తే పని ముగిసినట్టే. ఇక్కడ అసలు ప్రశ్నలు అప్పుడే మొదలవుతాయి. ఏ ఇన్‌పుట్ ఇచ్చినా సరైన జవాబే వస్తుందని ఎలా చెప్పగలరు? ఇన్‌పుట్ పది రెట్లు పెరిగితే సమయం ఎన్ని రెట్లు పెరుగుతుంది? కింద చెప్పిన ఇబ్బందుల్లో చాలావాటికి మూలం ఈ రెండు ప్రశ్నలనూ పక్కన పెట్టి నేరుగా కీబోర్డు ముందు కూర్చోవడమే.

"పాఠం అర్థమవుతుంది, సొంతంగా చేయబోతే ఏమీ తోచదు"

పాఠంలో మీరు చూసేది పూర్తయిన పరిష్కారం. దాన్ని కనిపెట్టేటప్పుడు ఎదురైన తప్పుదారులు బోర్డు మీద కనిపించవు. అందుకే ప్రతి అడుగూ సహజంగా తోస్తుంది, కాగితం ముందు కూర్చుంటే మాత్రం మొదటి అడుగే పడదు.

నోట్సు మూసేయండి. నాలుగైదు సంఖ్యలతో చిన్న ఉదాహరణ తీసుకుని చేత్తో చేయండి. తర్వాత మొరటు పద్ధతి రాయండి: అన్ని అవకాశాలనూ వరుసగా ప్రయత్నించేది. అది నెమ్మదిగా నడుస్తుందని సిగ్గుపడనక్కర్లేదు. అందులో ఏ పని మళ్లీ మళ్లీ జరుగుతోందో గుర్తిస్తే మెరుగైన పద్ధతికి దారి అక్కడే దొరుకుతుంది. ముప్పావు గంట తర్వాత కూడా కదలకపోతే జవాబులో మొదటి ఆలోచన మాత్రం చూసి మళ్లీ మూసేయండి. మొత్తం చదివేస్తే ఆ లెక్క ఇక మీకు నేర్పేది తక్కువే.

"చిన్న ఉదాహరణలకు సరైన జవాబు వస్తుంది, పెద్ద ఇన్‌పుట్ ఇస్తే ప్రోగ్రాము ఆగిపోతుంది"

ఆగిపోలేదు, ఇంకా పని చేస్తూనే ఉంది. లక్ష సంఖ్యల్లో ప్రతి జతనూ పోల్చి చూస్తే దాదాపు 500 కోట్ల పోలికలు. అదే సంఖ్యలను, సగాలుగా విడగొట్టి వరుసలో కలుపుకుంటూ వచ్చే మెర్జ్ సార్ట్‌తో వరుసలో పెట్టడానికి సుమారు 17 లక్షల పోలికలు చాలు. కంప్యూటర్ ఎంత వేగమైనదైనా ఈ తేడాను పూడ్చలేదు. ఇన్‌పుట్‌తో పాటు పని ఎలా పెరుగుతుందో చెప్పే బిగ్ ఓ అనే గుర్తుతో కోర్సంతా చెప్పేది దీని గురించే.

ఒక్కోసారి కారణం కంటికి కనిపించదు. ప్రోగ్రాములో ఒకే లూపు ఉంటుంది కానీ దాని లోపల "ఈ విలువ జాబితాలో ఉందా?" అని అడిగే ఒక చిన్న లైబ్రరీ పిలుపు ఉంటుంది. ఆ పిలుపు ప్రతిసారీ జాబితా అంతా వెతుకుతుంది, కాబట్టి అది రెండో లూపే. అర్రే (పక్కపక్క గడుల్లో విలువలు దాచే వరుస) మొదట్లో కొత్త విలువ చొప్పించినప్పుడూ అంతే, మిగతావన్నీ ఒక గడి జరగాలి. వాడే ప్రతి పిలుపు ఖర్చు తెలుసుకోండి. వెతకడమే పనైతే హ్యాష్ టేబుల్ (విలువను బట్టే దాని గడిని లెక్కకట్టే పట్టిక) వాడండి. అది సగటున స్థిర సమయంలో జవాబిస్తుంది, అన్ని విలువలూ ఒకే గడిలో పడితే మాత్రం నెమ్మదిస్తుంది. పరీక్షలో "సగటున" అన్న మాట వదిలేసి మార్కులు పోగొట్టుకునేవారు ఎక్కువ.

ఇంకో అలవాటు చేసుకోండి: కోడు రాయకముందే ఇన్‌పుట్ పరిమితి చదవండి. 20 వరకే అయితే అన్ని ఉపసమితులూ చూడవచ్చు, అవి సుమారు పది లక్షలే. లక్షల్లో ఉంటే లూపులో లూపు పనికిరాదు.

"రికర్షన్ చూస్తే బుర్ర తిరుగుతుంది"

రికర్షన్ అంటే ఫంక్షన్ తనను తానే పిలవడం. మీరు ప్రతి పిలుపునూ చివరిదాకా మనసులో వెంబడిస్తున్నారు, అందుకే తిరుగుతుంది. మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలు. అతి చిన్న సందర్భంలో జవాబు ఏమిటి? ప్రతి పిలుపులో సమస్య చిన్నదవుతోందా? చిన్న సమస్యకు సరైన జవాబు వచ్చిందనుకుంటే దానితో పెద్దదాని జవాబు కట్టగలమా? మూడింటికీ సమాధానం ఉంటే నమ్మి ముందుకు వెళ్లండి. ఆ నమ్మకం గుడ్డిది కాదు, గణితంలో నేర్చుకున్న ఇండక్షనే.

అయితే సరైన రికర్షన్ కూడా నత్తనడక నడవవచ్చు. ఫిబొనాచి వరుసలో (ప్రతి సంఖ్యా దాని ముందు రెండింటి మొత్తం) 40వ సంఖ్యను నిర్వచనం ఉన్నది ఉన్నట్టు రాసి లెక్కిస్తే ఫంక్షన్ 33,11,60,281 సార్లు నడుస్తుంది. ఒకసారి వచ్చిన జవాబును పట్టికలో దాచుకుంటే పదుల సంఖ్యలో పిలుపులతో తేలిపోతుంది. డైనమిక్ ప్రోగ్రామింగ్‌కు ప్రాణం ఇదే. అక్కడ ఇరుక్కున్నవారికి నేను అడిగే ప్రశ్న ఒక్కటే: పట్టికలో ఈ గడి దేన్ని సూచిస్తుంది? దానికి ఒక పూర్తి వాక్యం రాయలేకపోతే సూత్రం రాయడానికి ఇంకా వేళ కాలేదు.

"నిరూపణ ప్రశ్నల్లో మార్కులు పడటం లేదు"

ఉదాహరణలు ఇచ్చి నిరూపణ అనుకోవడం దీనికి కారణం. 1, 3, 4 విలువల నాణేల్లో వీలైనంత తక్కువ నాణేలతో 6 కట్టాలి. ప్రతిసారీ ఇమిడేంత పెద్ద నాణెం తీసుకుంటే 4, 1, 1 అని మూడు కావాలి. 3, 3 అని రెండే సరిపోతాయి. గ్రీడీ అనే ఈ పద్ధతే 5కూ, 7కూ, 8కీ సరైన జవాబే ఇస్తుంది! ఒక్క ప్రతికూల ఉదాహరణ పద్ధతిని కూలుస్తుంది, వెయ్యి అనుకూల ఉదాహరణలు దాన్ని నిలబెట్టలేవు.

పేరున్నవారి అంచనా కూడా నిరూపణ కాదు. రెండు పెద్ద సంఖ్యలను గుణించడానికి అంకెల సంఖ్య వర్గానికి తగ్గ పని తప్పదని మహా గణితవేత్త కొల్మొగొరోవ్ ఊహించాడు. 1960లో ఆయన సెమినార్‌లో ఆ మాట విన్న 23 ఏళ్ల కరత్సుబా వారం తిరగకుండానే అంతకంటే వేగమైన పద్ధతి చూపాడు. నాలుగు చిన్న గుణకారాల చోట మూడు సరిపోతాయన్నదే అందులోని కీలకం. ఈ కోర్సులో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇది.

లూపు సరైనదని చూపడానికి, ప్రతి చుట్టుకూ మారకుండా నిలిచే ఒక వాక్యం వెతకండి. క్రమంలో ఉన్న అర్రేను ప్రతిసారీ సగానికి తగ్గిస్తూ వెతికే బైనరీ సెర్చ్‌లో అది ఇలా ఉంటుంది: "వెతుకుతున్న విలువ అర్రేలో ఉంటే, అది ఎడమ, కుడి హద్దుల మధ్యే ఉంది." కోడులో హద్దు మార్చే ప్రతి లైనునూ ఈ వాక్యంతో సరిచూస్తే ఒక గడి అటూ ఇటూ అయ్యే తప్పులు బయటపడతాయి. చుట్టు చుట్టుకూ హద్దుల మధ్య దూరం తగ్గుతోందా అన్నది కూడా చూడండి, లేదంటే లూపు ఆగదు. అప్పుడు కూడా కంప్యూటర్ పరిమితిని మరవకూడదు. జావా లైబ్రరీలోని బైనరీ సెర్చ్‌లో ఏళ్ల తరబడి దాగిన లోపం 2006లో అందరికీ తెలిసింది. మధ్య స్థానం కోసం రెండు హద్దులను కూడితే, అతి పెద్ద అర్రేల్లో మొత్తం ఆ రకం పూర్ణసంఖ్యకు గరిష్ఠ విలువైన 2,14,74,83,647 దాటి రుణసంఖ్య అయ్యేది. ఎడమ హద్దుకు రెండు హద్దుల మధ్య దూరంలో సగం కలిపితే ఆ చిక్కు రాదు.

"లింక్డ్ లిస్ట్‌లో నోడ్లు మాయమవుతున్నాయి"

లింక్డ్ లిస్ట్ అంటే ప్రతి నోడూ (విలువ ఉన్న డబ్బా) తర్వాతి నోడును బాణంతో చూపే గొలుసు. కొత్త నోడు చేర్చేటప్పుడు మీరు పాత బాణాన్ని ముందే తెంచేశారు. కొత్త నోడును తర్వాతి నోడుకు కలిపాకే వెనకటి బాణాన్ని దానివైపు తిప్పండి. కాగితంపై డబ్బాలు, బాణాలు గీయండి. ఖాళీ జాబితాకూ, ఒక్క నోడున్న జాబితాకూ విడిగా సరిచూడండి.

"అసైన్‌మెంట్లలో మంచి మార్కులు, పరీక్షలో బోర్లా"

ఆ అసైన్‌మెంట్లలో ఆలోచన ఎవరిదో నిజాయితీగా చూసుకోండి. స్నేహితులతో చర్చించడం మేలే, కానీ చర్చ ముగిశాక చేతిలో కాగితం ముక్క కూడా లేకుండా బయటికి వచ్చి, కొన్ని గంటల తర్వాత మొత్తం సొంతంగా రాయండి. రాయలేని చోటే మీకు అర్థం కాని చోటు. దాన్ని పట్టుకుని అధ్యాపకుల దగ్గరకు వెళ్లండి. "గ్రాఫులు (నోడ్లు, వాటిని కలిపే గీతలు) అర్థం కాలేదు" అంటే ఆయన పాఠమంతా మళ్లీ చెప్పాల్సి వస్తుంది. "ఒక గీతకు రుణ విలువ ఉన్న ఈ మూడు నోడ్ల గ్రాఫులో, అతి తక్కువ దూరపు దారి వెతికే డైక్‌స్ట్రా పద్ధతి రెండో అడుగులోనే తప్పు దూరాన్ని ఖాయం చేస్తోంది, ఎందుకు?" అని బొమ్మ చూపించి అడిగితే పది నిమిషాల్లో తేలుతుంది.