వరదలో చిక్కిన దయ్యాల బంగళా: ఇంట్లోనే హత్యా రహస్యం ఆట నడిపించడం ఎలా?

గోదావరి లంకలో ఒక పాత మండువా లోగిలి. శ్రావణ మాసపు వరద. రేవులో కట్టిన పడవ తెగి కొట్టుకుపోయింది. రాత్రి పదకొండు గంటలకు వంటామె పాలు తీసుకుని వెళ్లి చూస్తే జమీందారు గారు తన గదిలో ప్రాణం లేకుండా పడి ఉన్నారు. ఇంట్లో ఉన్నది ఆరుగురు. ముప్పై ఏళ్ల కిందట వరదలో మునిగి చనిపోయిన గుమస్తా కూడా ఇంకా ఆ ఇంట్లోనే తిరుగుతున్నాడని ఊరంతా నమ్ముతుంది.

ఆ ఆరుగురిగా మీ వదిన, మేనమామ, బావమరిది, ముగ్గురు స్నేహితులు మారిపోయి మూడు గంటలపాటు ఒకరినొకరు నిలదీసుకుంటే అదే ఈ ఆట. బోర్డు అక్కరలేదు, పాచికలు అక్కరలేదు. ఆరుగురు ఆటగాళ్లు, కథను నడిపించే ఒక మనిషి, కొన్ని కాగితాలు చాలు. నడిపించే మనిషిని గేమ్ మాస్టర్ అంటారు. మనకు నాటకాల నుంచి వచ్చిన సూత్రధారి అనే మంచి మాట ఉంది కనుక నేను అదే వాడతాను. సెలవులకు చుట్టాలందరూ చేరినప్పుడు ఇలాంటి ఆటలు చాలా నడిపాను. పై కథనే ఉదాహరణగా తీసుకుని ఒక్కొక్క అడుగూ చెబుతాను.

1. జరిగింది ముందు రాసుకోండి

చాలామంది పాత్రలతో మొదలుపెడతారు. అలా చేస్తే మధ్యలో కథ చెయ్యి జారిపోతుంది. ముందుగా ఒకే ఒక్క పేజీలో నిజం రాయండి: ఎవరు చంపారు, ఎందుకు, దేనితో, ఏ వేళకు. తరువాత రాత్రి తొమ్మిది నుంచి పదకొండు వరకు ప్రతి పావుగంటకూ ఆరుగురిలో ఎవరు ఎక్కడున్నారో పట్టిక గీయండి. ఆటలో ఎవరు ఏమి అడిగినా మీ జవాబు ఆ పట్టిక నుంచే రావాలి. అక్కడికక్కడ కల్పించి చెబితే తెలివైన ఆటగాడు అరగంటలో పట్టేస్తాడు, ఆ తరువాత ఇక ఏ ఆధారాన్నీ నమ్మడు.

నా కథ 1949లో జరుగుతుంది. అది ఎంచుకోవడానికి కారణం ఉంది. మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం 1948లో వచ్చింది. జమీందారీలు ప్రభుత్వం చేతికి వెళ్తున్న రోజులవి. పాత లెక్కలు బయటికి వస్తాయి, పరిహారం ఎవరికి దక్కాలన్న తగవు వస్తుంది, దత్తత చెల్లుతుందా లేదా అన్న ప్రశ్న లేస్తుంది. జమీందారీ కుటుంబాల దత్తత వ్యాజ్యాలు కొన్ని అప్పట్లో చివరి అప్పీలు వినే లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లాయి. ఆ దారి కూడా 1949లోనే మూసుకుపోయింది. ఇంతకంటే మంచి కారణాలు హత్యకు ఎక్కడ దొరుకుతాయి? పైగా అప్పుడు సెల్‌ఫోను లేదు. నేటి కాలంలో కథ పెడితే ఫోను ఎందుకు పనిచేయడం లేదో చెప్పడానికే సగం తెలివి ఖర్చవుతుంది.

మన కథలో నిజం ఇది. దివాన్‌జీ ఏళ్లుగా శిస్తు లెక్కల్లో సొమ్ము కాజేశాడు. జమీందారు ఆ రాత్రి పుస్తకం ముందు పెట్టి నిలదీశాడు. పది గంటలకు దివాన్‌జీ ఇత్తడి సెమ్మెతో కొట్టి, పుస్తకం తీసుకుని తన కచేరీ గదికి వెళ్లిపోయాడు.

2. ఇంటి పటం గీయండి

పటం అంటే అలంకారం కాదు, హత్య జరిగిన తీరు అందులోనే ఉండాలి. మండువా లోగిలి నడుమ భాగం ఆకాశానికి తెరిచి ఉంటుంది. చుట్టూ పెంకుల చూరు లోపలికి వాలి ఉంటుంది, వాన నేరుగా ఇంటి నడిమధ్యలో పడుతుంది. వసారాల వెంట నడిచినవాడు తడవడు, మండువాకు అడ్డంగా నడిచినవాడు తడవక తప్పదు. ఈ ఒక్క విషయం చాలు, ఆట మొత్తం దీని మీద కట్టవచ్చు.

తూర్పున జమీందారు గది. పడమట రెండు గదులు: ఒకటి కచేరీ, రెండోది దత్తపుత్రుడిది. పది గంటల వేళ ఉత్తరపు వసారాలో వంటామె లాంతరు పెట్టుకుని పూజకు వత్తులు చేసుకుంటోంది. దక్షిణపు వసారాలో ఉయ్యాల బల్ల మీద జమీందారు తమ్ముడు, రాజమహేంద్రవరం నుంచి వచ్చిన ప్లీడరు చదరంగం ఆడుతున్నారు. రెండు వైపులా కళ్లున్నాయి. హంతకుడికి మిగిలిన చీకటి దారి ఒక్కటే, వానలో మండువా మీదుగా. పడమటి వసారాలో తడి పాదాల గుర్తులు అలా పడ్డాయి.

ఏడెనిమిది గదులకు మించి గీయకండి. ఆటగాళ్లు గుర్తుపెట్టుకోలేని గది ఉన్నా లేనట్టే.

3. బయటికి దారి లేకుండా చేయండి

ఎవరూ వెళ్లిపోలేరు, బయటివారు ఎవరూ రాలేరు. ఇది మొదటి ఐదు నిమిషాల్లోనే నమ్మకంగా స్థిరపడాలి. కానీ తలుపులు మూసి ఊరుకుంటే సరిపోదు, గడిచేకొద్దీ ఊపిరి బిగియాలి. నేను వీధి గుమ్మానికి ఏడు మెట్లు పెడతాను. బల్ల మీద ఏడు రాళ్లు వరుసగా పేర్చి, ఇరవై నిమిషాలకు ఒక రాయి మాట్లాడకుండా తీసేస్తాను. ఒక మెట్టు మునిగిందన్నమాట. ఏడో మెట్టు మునిగేలోపు హంతకుడి పేరు తేల్చాలి. గడియారం చూపించి తొందరపెట్టడం కంటే ఆ రాయి తీసే చెయ్యి ఎక్కువ పని చేస్తుంది.

ఇలాంటి ఆటలకూ నిర్బంధానికీ పాత చుట్టరికం ఉంది. ఒక బంగళాలో జరిగిన హత్యను ఛేదించే క్లూడో అనే ప్రసిద్ధ బోర్డు ఆటను, జనం రాత్రిళ్లు ఇళ్లకే పరిమితమైన రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో ఉన్న ఆంథనీ ప్రాట్ అనే సంగీతకారుడు రూపొందించి 1944లో పేటెంటుకు దరఖాస్తు చేశాడు. అది అమ్మకానికి వచ్చింది 1949లో, మన జమీందారు చనిపోయిన ఏడాదే.

4. దయ్యానికి నియమాలు పెట్టండి

నాకు అన్నిటికంటే ముఖ్యమైన అడుగు ఇదే. దయ్యాల బంగళా ఆటలు ఎక్కువగా చెడేది ఇక్కడే. దయ్యమే చంపిందంటే ఆటగాళ్లు మూడు గంటలు పడ్డ శ్రమ వృథా. అసలు దయ్యమే లేదు, అంతా నాటకమే అంటే వారు పడ్డ భయం వృథా. రెండూ అన్యాయమే. దయ్యం నిజంగా ఉండాలి, కానీ సాక్షిగా ఉండాలి. సాక్షి మాటకు విలువ రావాలంటే అతని నడవడికకు ఒక కట్టుబాటు ఉండాలి.

మన గుమస్తాకు నేను పెట్టిన నియమాలు మూడు. అతను అబద్ధం ఆడడు. ఎవరి పేరూ పలకడు. మునిగిపోయిన రాత్రి ఇల్లు చేరాలని నడిచిన దారినే ప్రతి వరదకూ మళ్లీ నడుస్తాడు. అతని తడి అడుగులు ఎప్పుడూ రేవు గుమ్మం దగ్గర మొదలై ఉయ్యాల బల్ల దగ్గర ఆగిపోతాయి. ఇంట్లో అందరికీ ఇది తెలుసు. ఆట మొదట్లోనే వంటామె పాత్రధారి దీన్ని కథలా చెబుతుంది.

ఇప్పుడు పడమటి వసారాలో తడి అడుగులు కనబడగానే అందరూ ‘గుమస్తా వచ్చాడు’ అని వణుకుతారు. హంతకుడికి కావలసిందీ అదే. రెండో గంటలో ఎవరో ఒకరు లాంతరు వంచి చూసి అడుగుతారు: ఈ అడుగులు రేవు గుమ్మం దగ్గర కాకుండా మండువా అంచున ఎందుకు మొదలయ్యాయి? ఆ క్షణంలో గది మొత్తం నిశ్శబ్దమైపోతుంది. దయ్యం తన నియమం తప్పదు కాబట్టి ఈ అడుగులు మనిషివి. దయ్యాన్ని నమ్మినవారే మనిషిని పట్టుకుంటారు. ఆ నిశ్శబ్దం కోసమే నేను ఈ ఆటలు రాస్తాను.

తెల్లచీర కట్టుకుని జుట్టు విరబోసుకున్న ఆడదయ్యాన్ని మాత్రం వాడకండి. అన్యాయమై చనిపోయిన స్త్రీని మళ్లీ భయపెట్టే బొమ్మగా నిలబెట్టడం నాకు నచ్చదు. ఆటగాళ్లకూ అది తెలిసిన దారే.

5. పాత్రల కాగితాలు రాయండి

రాణిగారు, దత్తపుత్రుడు, తమ్ముడు, దివాన్‌జీ, ప్లీడరు, వంటామె. ఒక్కొక్కరికి అరపేజీ మించకుండా రాసి కవరులో పెట్టండి. అందులో నాలుగు ఉంటే చాలు: నువ్వెవరు, ఈ రాత్రి నీకు కావలసినదేమిటి, నువ్వు దాస్తున్నదేమిటి, మరో ఇద్దరి గురించి నీకు తెలిసినదేమిటి. మూడోది అందరికీ ఉండాలి. రాణిగారు నగలు కుదువ పెట్టారు. తమ్ముడు దత్తత పత్రం దొంగిలించాడు. ప్లీడరు ఇరుపక్షాల దగ్గరా డబ్బు పుచ్చుకున్నాడు. హంతకుడు తప్ప మిగతావారికి దాచడానికి ఏమీ లేకపోతే పది నిమిషాల్లో ఆట ముగుస్తుంది.

ఎవరి సాక్ష్యమూ నిండుగా ఉండకూడదు. చదరంగం ఆడినవారిలో ఒకరు తాంబూలం కోసం ఐదు నిమిషాలు లేచి వెళ్లి ఉండాలి.

ఒక కట్టుబాటు అందరికీ చదివి వినిపించండి: ఎవరైనా నిజం దాచవచ్చు, మాట తప్పించవచ్చు, కానీ పచ్చి అబద్ధం చెప్పే హక్కు హంతకుడికి ఒక్కడికే ఉంది. దివాన్‌జీ కాగితంలో అతనే హంతకుడని స్పష్టంగా రాయండి. ఆ పాత్ర మాటకారికే ఇవ్వాలనుకోవద్దు. నెమ్మదస్తులు అద్భుతంగా దాస్తారు.

6. ప్రతి ముడికీ మూడు ఆధారాలు

నేను నడిపిన మొదటి ఆటలో అసలు ఉత్తరం తాంబూలపు పెట్టెలో ఒక్కచోటే పెట్టాను. మూడు గంటలు గడిచినా ఎవరూ ఆ పెట్టె తెరవలేదు. అందరూ అలసిపోయి ఎవరో ఒకరి పేరు చెప్పి లేచిపోయారు. తప్పు వారిది కాదు. సూత్రధారికి కళ్లముందు కనబడేది ఆటగాడికి కనబడదు. అప్పటి నుంచి ఒక్క ఆధారాన్ని నమ్ముకోను. ఆటగాళ్లు చేరవలసిన ప్రతి నిర్ణయానికీ మూడు దారులు పెడతాను: ఒకటి వస్తువు, ఒకటి ఎవరి కాగితంలోనో ఉన్న మాట, ఒకటి ఇంటి స్థితి.

దివాన్‌జీ విషయంలో అవి ఇలా ఉంటాయి. కచేరీ గది తలుపు వెనుక తడిసిన ఉత్తరీయం ఉంది. అతను పది దాటాక పొడి తువ్వాలు అడిగాడని వంటామెకు తెలుసు. శిస్తు పుస్తకంలో సిరా వానకు అలుక్కుపోయింది, పుస్తకం గదిలోనే ఉండి ఉంటే తడిసేది కాదు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి దొరికినా, గది పడమటే ఉన్నందున దత్తపుత్రుడి మీద పడ్డ అనుమానం సడలుతుంది.

పాచికలు వేసి ఆడే పద్ధతి ఇష్టమైతే ఆడండి, కానీ ముఖ్యమైన ఆధారం దొరకడం పాచికల మీద వదలకండి. వెతకవలసిన చోట వెతికితే దొరకాల్సిందే. గమ్‌షూ అనే ఆట పద్ధతి ఈ సూత్రం మీదే కట్టారు. ఆధారం దొరకడం కష్టం కానక్కరలేదు, దాని అర్థం తేల్చడమే ఆట.

కాగితాలను చిక్కటి టీ డికాక్షన్‌లో ముంచి ఆరబెడితే పాతవాటిలా ఉంటాయి. లెక్కలు రూపాయలు, అణాలు, పైసల్లో రాయండి. రూపాయికి పదహారు అణాలు. నయాపైసలు 1957లో కానీ రాలేదు. చేతికి అందిన కాగితం నిజమనిపిస్తే ఆటగాడి గొంతు దానంతట అదే మారుతుంది.

7. ఆట రాత్రి

పెద్ద దీపాలు ఆర్పి బ్యాటరీ లాంతర్లు రెండు పెట్టండి. కిరసనాయిలు దీపాలు వద్దు, చీకట్లో కాళ్లకు తగులుతాయి. కొద్దిగా సాంబ్రాణి, వాన చప్పుడు చాలు.

మొదలుపెట్టే ముందు ఎవరికి ఏది భరించలేని విషయమో విడివిడిగా అడగండి. ఈ మధ్యే ఆత్మీయులను పోగొట్టుకున్నవారు, నీటి ప్రమాదం చూసినవారు ఉంటే కథ మార్చండి. ‘దీపం’ అని ఎవరైనా పలికితే వెంటనే లైట్లు వేయాలని, కారణం ఎవరూ అడగకూడదని అందరికీ చెప్పండి. ఈ భరోసా ఉన్నప్పుడే మనుషులు ధైర్యంగా భయపడగలరు.

ఆట నడుస్తుండగా మీరు తక్కువ మాట్లాడండి. అందరూ ఒకేచోట చిక్కుకుపోతే సూచన ఇవ్వకండి, సంఘటన ఇవ్వండి. లాంతరు ఒకటి ఆర్పండి. ఉయ్యాల బల్ల గొలుసు కిర్రుమందని చెప్పండి. ప్లీడరు సంచి జారిపడిందని చెప్పి అందులోని కాగితం బల్ల మీద పెట్టండి. సూచన ఇస్తే ఆటగాడు చిన్నబుచ్చుకుంటాడు, సంఘటన జరిగితే లేచి నిలబడతాడు.

మధ్యలో రెండో హత్య పెట్టాలనిపిస్తుంది. పెడితే ఆ ఆటగాణ్ని పక్కన కూర్చోబెట్టకండి. గుమస్తా పాత్ర అప్పగించండి. మూడు నియమాలూ అతనికీ వర్తిస్తాయి.

8. వేలు చూపే వేళ

ఏడో రాయి తీశాక మాటలు ఆపించండి. ప్రతి ఒక్కరూ చీటీ మీద హంతకుడి పేరు, కారణం, తాము నమ్మిన ఒక ఆధారం రాయాలి. అందరూ ఒకేసారి రాయాలి, లేకపోతే గట్టిగా మాట్లాడే ఒక్కరి అభిప్రాయమే ఆరు చీటీల్లోనూ కనబడుతుంది. చీటీలు చదివాక, మొదటి రోజు మీరు రాసుకున్న ఆ ఒక్క పేజీ బయటికి తీసి ఉన్నదున్నట్టుగా చదవండి. చివరగా దివాన్‌జీ పాత్రధారికి ఒక నిమిషం ఇవ్వండి, ఎందుకు చేశాడో తన మాటల్లో చెప్పనివ్వండి.

వెంటనే లైట్లు వేయకండి. ఎవరు ఏమి దాచారో ఒక్కొక్కరినీ చెప్పనివ్వండి. రాణిగారు నగల సంగతి, తమ్ముడు పత్రం సంగతి బయటపెడుతుంటే మూడు గంటలు పక్కనే కూర్చున్నవారు ఉలిక్కిపడి చూస్తారు. ఆ మాటలన్నీ అయ్యాక లైట్లు వేసి టీ పెట్టండి.

కవర్లు జాగ్రత్తగా దాచుకోండి. మరో బృందంతో ఆడేటప్పుడు ఉత్తరీయం, తువ్వాలు, పుస్తకం ఆధారాలను దత్తపుత్రుడి గది వైపు మార్చి, పది గంటల పట్టికను కొత్తగా రాసుకుంటే అదే ఇంట్లో హంతకుడు మారతాడు. గుమస్తా దారి మాత్రం మార్చకండి.