సెలెక్షన్ల రోజే చేతికి కట్టు ఉంటే

మణికట్టు విరిగి మావాడు హాకీ సెలెక్షన్లకు వెళ్లలేకపోయాడు. మీ ఇంట్లోనూ ఇలాగే జరిగితే "వచ్చే ఏడాది చూద్దాంలే" అని వదిలేయకండి. మన విజయవాడలో ఏ గ్రౌండ్ చూసినా క్రికెట్టే కదా, హాకీ స్టిక్ పట్టే పిల్లలు తక్కువ. జట్టుకేమో 11 మంది కావాలి. పరీక్షలనీ ట్యూషన్లనీ మధ్యలో మానేసేవాళ్లు ఉంటూనే ఉంటారు.

అందుకే కట్టు విప్పకముందే పొద్దున్నే ప్రాక్టీసుకు తీసుకెళ్లి కోచ్‌గారికి కనిపించండి. ఫోన్‌లో అడిగితే "చూద్దాం" అంటారు, ఎదురుగా నిలబడితే పేరు రాసుకుంటారు. "జట్టులో చోటివ్వండి" అనకండి, "ప్రాక్టీసుకు రానివ్వండి సార్" అనండి చాలు. గోల్‌కీపర్ కొరత ఉందేమో కూడా అడగండి. ఆ బరువు ప్యాడ్లు కట్టుకుని ఎండలో నిలబడటానికి ఎవరూ ముందుకు రారు! చేయి పూర్తిగా నయమైందని డాక్టరు రాసిచ్చాకే స్టిక్ పట్టించండి.

స్కూల్ గేమ్స్ దారి వేరే ఉంది. అండర్-14, 17, 19 విభాగాలుంటాయి, పీఈటీ సార్‌ని కలవండి. పుట్టినతేదీ సర్టిఫికెట్, ఆధార్ జిరాక్సులు బ్యాగులోనే ఉంచండి.