స్కాట్లాండ్ ప్రభువుల వంశాన్ని, భూముల్ని పాత దస్తావేజుల్లో వెతకడం ఎలా?

ముందుగా రెండు పట్టికలు వేసుకోండి. ఒకటి బిరుదుకు, ఇంకొకటి భూమికి. రెండూ కలిసే నడుస్తాయనుకుంటే లోవాట్ ప్రభువుల విషయంలోనే లెక్క తప్పుతుంది. 11వ లార్డ్ లోవాట్ సైమన్ ఫ్రేజర్‌ను రాజద్రోహ నేరం కింద 1747 ఏప్రిల్ 9న లండన్‌లో శిరచ్ఛేదం చేశారు. బిరుదూ పోయింది, భూములూ జప్తయ్యాయి. కొడుకు జనరల్ సైమన్ 1774లో భూములు తిరిగి దక్కించుకున్నాడు గాని బిరుదు రాలేదు. అది 1857లో మళ్లీ నిలబడింది, అదీ ఫ్రేజర్ వంశంలోని స్ట్రిచెన్ శాఖలో.

వంశక్రమానికి 9 సంపుటాల 'స్కాట్స్ పీరేజ్' (1904–14) తో మొదలుపెట్టండి. ఏ తరానికి ఏ దస్తావేజు ఆధారంగా చూపారో పక్కన రాసుకోండి. ఆధారం చూపని తరాన్ని పెన్సిల్‌తోనే ఉంచండి.

ఆ తరాలను రుజువు చేసేవి రిటూర్లు. భూస్వామి చనిపోయాక అసలు వారసుడెవరో జ్యూరీ విచారించి ఛాన్సరీకి, అంటే రాజు దస్తావేజుల కార్యాలయానికి, పంపిన నివేదికలివి. పోయినవారి పేరు, వారసుడి పేరు, బంధుత్వం, భూముల పేర్లు, వాటి పాత విలువ, కొత్త విలువ ఒకేచోట దొరుకుతాయి. 1544–1699 నాటి వాటి సంగ్రహం కౌంటీలవారీగా అచ్చయింది. భాష దాదాపు అంతా లాటిన్. 'నెపోస్' అని కనిపిస్తే మనవడో, తోబుట్టువు కొడుకో వేరే కాగితంతో తేల్చుకోండి. రిటూర్ తేదీని మరణ తేదీగా రాసుకోవద్దు, మధ్యలో ఏళ్లు గడిచి ఉండొచ్చు. 1600కు ముందు అక్కడ కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. కాబట్టి 1590 ఫిబ్రవరి అని ఉంటే మన లెక్కలో అది 1591.

భూమి చేతులు మారిన సంగతి సాసిన్ రిజిస్టర్లలో ఉంటుంది. సాసిన్ అంటే భూమిని లాంఛనంగా స్వాధీనం చేయడం. ఇవి 1617లో మొదలయ్యాయి. అప్పట్లో ఆ పొలంలోనే నిలబడి, సాక్షుల ముందు పిడికెడు మట్టి, ఒక రాయి చేతిలో పెట్టేవారు. నోటరీ దాన్ని రాసి 60 రోజుల్లోగా నమోదు చేయించాల్సి ఉండేది. జిల్లా రిజిస్టర్‌లోగాని, ఎడిన్‌బరోలోని జనరల్ రిజిస్టర్‌లోగాని చేయించుకునే వీలుండేది, అందుకే ఒకదానిలో దొరకలేదని ఆపేయకుండా రెండూ చూడండి. ఇక్కడే చాలామంది పొరబడతారు: ప్రతి సాసిన్ కొనుగోలు కాదు. అప్పు కింద తాకట్టుకూ, భార్యకు జీవితకాలపు అనుభవ హక్కు రాసినప్పుడూ ఇదే తంతు జరిగేది. మన ఈసీ చదివినట్టే లావాదేవీ ఏ రకందో చూశాకే పేరు ఎక్కించాలి.

ఈ దస్తావేజుల్లో భూమి పక్కన కనిపించే 'మెర్క్‌లాండ్' అంటే విస్తీర్ణం కాదు, శిస్తు విలువ. మెర్క్ అంటే పాత స్కాట్ డబ్బు లెక్కలో 13 షిల్లింగుల 4 పెన్నీలు. దాన్ని ఎకరాల్లోకి మార్చకండి, మంచి నేల కొద్దిగా ఉన్నా, బీడు బోలెడున్నా విలువ ఒకటే కావచ్చు. 1603 తర్వాత స్కాట్ పౌండ్లు 12 అయితేనే ఒక స్టెర్లింగ్ (ఇంగ్లండ్) పౌండ్, అదీ గుర్తుంచుకోండి.

ఒకే ఊరు ఇద్దరి జాబితాల్లో కనిపిస్తే కంగారు పడొద్దు. పైన ప్రభువు, కింద ఏటా అతనికి కట్టుబడి చెల్లించే హక్కుదారు, ఇద్దరికీ అదే భూమిలో హక్కుండేది. ఈ పద్ధతి 2004 నవంబర్ 28న రద్దయింది. కాబట్టి ఎస్టేటు మొత్తం కూడేటప్పుడు ప్రతి భూమి పక్కన హక్కు ఏ స్థాయిదో రాయండి, లేదంటే ఒకే పొలం రెండుసార్లు కలుస్తుంది.

1868కి ముందు భూమిని వీలునామాతో ఇవ్వడానికి చట్టం ఒప్పుకునేది కాదు. ఆ కాలపు వీలునామాల్లో పశువులు, ధాన్యం, సామాన్లు, రావలసిన బాకీలే ఉంటాయి. అందులో ఎస్టేటు పేరు లేదని భూమి లేదనుకోవద్దు.