క్యాసిల్‌మన్ వ్యాధి: ఏ రకానికి ఏ చికిత్స

క్యాసిల్‌మన్ అంటే లింఫు గ్రంథులు అసాధారణంగా వాచే అరుదైన వ్యాధి. ముందు రకం తేలాలి. సన్నసూదితో తీసిన నమూనా సాధారణంగా చాలదు. వీలైతే లింఫు గ్రంథిని పూర్తిగా తీసి బయాప్సీకి పంపాలి. హెచ్‌ఐవీ, హెచ్‌హెచ్‌వీ-8 (ఒక రకం హెర్పిస్ వైరస్) పరీక్షలు తప్పనిసరి.

వాపు ఒక్కచోటే ఉంటే ఆపరేషన్‌తో మొత్తం తీసేస్తే చాలామందికి నయమవుతుంది. పలుచోట్ల ఉండి హెచ్‌హెచ్‌వీ-8 తేలితే రిటుక్సిమాబ్ ఇస్తారు. కపోసి సార్కోమా (ఈ వైరస్‌తో వచ్చే ఒక క్యాన్సర్) ఉంటే ఈ మందుతో అది ముదరొచ్చు, డాక్టరుకు ముందే చెప్పండి.

వాపు పలుచోట్ల ఉండి రెండు వైరస్‌లూ లేకపోతే సిల్టుక్సిమాబ్: కిలో బరువుకు 11 మి.గ్రా., 3 వారాలకోసారి, నరంలోకి గంటసేపు ఎక్కిస్తారు. నీరసం ముందు తగ్గుతుంది, గడ్డలు కరగడానికి నెలలు పట్టొచ్చు. తగ్గలేదని తొందరపడి మానకండి. అసలు జాగ్రత్త వేరే ఉంది: ఈ మందు వాడేటప్పుడు ఇన్ఫెక్షన్ సోకినా జ్వరం రాకపోవచ్చు, సీఆర్‌పీ (ఇన్ఫెక్షన్ ఉంటే రక్తంలో పెరిగే ప్రొటీన్) పెరగకపోవచ్చు. కొత్తగా దగ్గు, మూత్రంలో మంట వస్తే ఆ రోజే చూపించుకోండి.