పాతకాలపు కారుకు ఇంట్లోనే బంపర్లు మార్చుకునే విధానం

పాత కారుకు బంపరు మార్చడమంటే నాలుగు బోల్టులు విప్పి మళ్లీ నాలుగు బిగించడమే కదా అనిపిస్తుంది. నిజానికి ఈ పనిలో శ్రమంతా బంపరును మోసే బ్రాకెట్ల దగ్గరే ఉంటుంది. దశాబ్దాల తరబడి బురదను, తడిని భరించిన ఆ బోల్టులు ఎంత సులువుగా వస్తాయి, కొత్త బంపరు రంధ్రాలు పాత బ్రాకెట్లకు ఎంతవరకు సరిపోతాయి అన్న రెండు విషయాల మీదే పని ఒక పూటలో ముగుస్తుందా, వారాల తరబడి సాగుతుందా అన్నది ఆధారపడి ఉంటుంది.

అందువల్ల కొనే ముందే మీ కారు ఏ సంవత్సరపు మోడలో, ఏ దేశపు విపణికి తయారైందో తెలుసుకోవాలి. అమెరికాలో 1973 మోడళ్ల నుంచి, గంటకు 5 మైళ్ల వేగంతో ముందువైపు అడ్డుగోడను తాకినా దీపాలు, ఇంధన వ్యవస్థ వంటి భద్రతా భాగాలు దెబ్బతినకూడదన్న నిబంధన అమలులోకి వచ్చింది. ఆ కారణంగా బీఎండబ్ల్యూ వారి ‘2002’ అనే మోడల్ వంటి కార్లు ఐరోపాలో సన్నని క్రోమ్ బంపర్లతోనే కొనసాగినా, 1974 నుంచి అమెరికాకు వెళ్లినవి మాత్రం ముందుకు పొడుచుకు వచ్చిన బరువైన బంపర్లతో తయారయ్యాయి. ఇలాంటి కారుకు సన్నని బంపరు పెట్టదలిస్తే దానికి తగిన బ్రాకెట్లను కూడా సంపాదించాలి. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌లో 1968 మోడల్‌తో బంపర్లతో పాటు మడ్‌గార్డులు కూడా మారాయి కనుక, ఒకటి మారిస్తే రెండోదాన్ని కూడా మార్చవలసి వస్తుంది. ఎంజీబీ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారు విషయం మరింత చిక్కైనది. 1974 చివర్లో నల్లని రబ్బరు బంపర్లు వచ్చినప్పుడు కారు ఎత్తును కూడా పెంచారు. వాటి స్థానంలో క్రోమ్ బంపర్లు పెట్టాలంటే బాడీలో కోతలు, వెల్డింగు తప్పవు. మొదటిసారి ఈ పనికి పూనుకునేవారు దాని జోలికి పోకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

అమెరికా రకం బంపర్లలో చాలావాటి వెనుక దెబ్బను తట్టుకునే షాక్ అబ్జార్బర్లు ఉంటాయి. వాటిలో కొన్నింటి లోపల వాయువు పీడనంతో నిండి ఉంటుంది కాబట్టి వాటిని వేడి చేయడం, రంధ్రం చేయడం, కోయడం, వెల్డు చేయడం ప్రాణాపాయకరం. పాత గుద్దుడు వల్ల నొక్కుకుపోయి అక్కడే ఇరుక్కున్న అబ్జార్బరు బోల్టు వదులైన క్షణంలో హఠాత్తుగా ముందుకు తన్నవచ్చు. అలాంటిది కనిపిస్తే దానికి ఎదురుగా నిలబడకుండా, విప్పే పనిని అనుభవజ్ఞుడైన మెకానిక్‌కు అప్పగించాలి.

పని మొదలుపెట్టే ముందు కారును చదునైన నేల మీద నిలిపి, నాలుగు టైర్లలో గాలి సరిచూసి, నేల నుంచి బంపరు రెండు చివర్ల ఎత్తును, మడ్‌గార్డుకూ బంపరుకూ మధ్య సందును కొలిచి రాసుకోండి. బ్రాకెట్లు, వాషర్లు, వాటి మధ్య ఉంచిన పలకలు ఏ వరుసలో ఉన్నాయో ఫొటోలు తీయండి. కొత్త బంపరును పాతదాని ముందు పట్టుకుని రంధ్రాల దూరాలను, చివర్ల వంపును పోల్చి చూడండి. ఇటీవల తయారైన నకలు బంపర్లలో రంధ్రాలు కొన్ని మిల్లీమీటర్లు అటూ ఇటూ ఉండటం సాధారణమే. ఆ సంగతి పాతదాన్ని విప్పకముందే తెలియాలి. తర్వాత బ్యాటరీ నెగటివ్ తీగను తీసేసి, బంపరుకు బిగించిన ఇండికేటర్ల, నంబరు ప్లేటు దీపాల తీగలకు టేపు అంటించి గుర్తులు రాయండి.

తుప్పు పట్టిన బోల్టుల దగ్గర తొందర పనికిరాదు. బయటికి కనిపించే మరలను తీగబ్రష్‌తో శుభ్రం చేసి, తుప్పును వదులు చేసే నూనెను ముందు రోజు సాయంత్రమే పట్టించి, మర్నాడు మళ్లీ పట్టించండి. ఆరు అంచుల సాకెట్టే వాడండి. పన్నెండు అంచులది తుప్పు తిన్న తలను సులభంగా గుండ్రంగా అరగదీస్తుంది. మొదట కొద్దిగా బిగించే దిశలో కదిపి, చిటుక్కున వదిలిన చప్పుడు వినిపించాక విప్పే దిశలో తిప్పితే చాలా బోల్టులు విరగకుండా వస్తాయి. క్రోమ్ టోపీ ఉన్న బోల్టులకు తల కింద చతురస్రపు మెడ ఉంటుంది. అది కూర్చునే రంధ్రం అరిగిపోతే నట్టుతో పాటు బోల్టు కూడా గిరగిరా తిరుగుతుంది. అప్పుడు నట్టును చీల్చే పనిముట్టుతో గాని, హ్యాక్‌సాతో గాని తెగ్గోయడమే దారి. కోసేటప్పుడు రక్షణ కళ్లద్దాలు, ముక్కుకు మాస్కు తప్పనిసరి. వెనుక బంపరు దగ్గర ఇంధన ట్యాంకు ఉండే కార్లలో మంటను గాని, నిప్పురవ్వలు రేపే గ్రైండరును గాని దగ్గరికి రానీయకండి.

చివరి రెండు బోల్టులు విప్పే సమయానికి రెండోవైపు మరొకరు పట్టుకుని ఉండాలి. మడ్‌గార్డు అంచులకు ముందే మాస్కింగ్ టేపు అంటించి, నేల మీద దుప్పటి పరచి ఉంచుకుంటే రంగుకు గాని, క్రోమ్‌కు గాని గీత పడదు.

బంపరు తీశాక కనిపించే చోటును పరీక్షించడానికి ఇంతకు మించిన అవకాశం రాదు. బ్రాకెట్లు బిగిసే రేకును స్క్రూడ్రైవరు మొనతో గట్టిగా పొడిచి చూడండి. మొన లోపలికి దిగితే ముందు ఆ రేకును బాగుచేయించాలి. కుళ్లిన రేకుకు బిగించిన బంపరు కారుకు అలంకారం మాత్రమే అవుతుంది. గట్టిగా ఉంటే తుప్పు గీకి, ప్రైమరు, రంగు వేసి ఆరనివ్వండి.

బిగించేటప్పుడు బోల్టులన్నిటినీ మొదట వేళ్లతో తిరిగేంత వరకే పెట్టండి. ఒక్కటి ముందే గట్టిగా బిగిస్తే తక్కినవి రంధ్రాలకు అందవు. స్టీలు బాడీ, అల్యూమినియం బంపరు కలిసే చోట నైలాన్ వాషర్లు వేయడం, స్టెయిన్‌లెస్ బోల్టుల మరలకు అవి బిగుసుకుపోకుండా చేసే పేస్టు రాయడం వల్ల మళ్లీ విప్పవలసి వచ్చినప్పుడు ఇబ్బంది ఉండదు. ఆ తర్వాత రాసుకున్న కొలతల ప్రకారం సర్దుతూ, అవసరమైన చోట పలచని పలకలు చేర్చండి. నాలుగైదు మీటర్లు వెనక్కి వెళ్లి, వంగి, బంపరు పైఅంచును బానెట్ అంచుతోనూ దీపాలతోనూ పోల్చి చూడండి. పాత కార్ల ఎడమ, కుడి వైపులు కొత్తప్పుడే పూర్తిగా సమానంగా ఉండేవి కావు. కొలత టేపు ఒకటి చెప్పి కన్ను మరొకటి చెబితే నేను కంటి మాటే వింటాను. సంతృప్తి కలిగాక మధ్య నుంచి చివర్లకు, రెండువైపులా మార్చి మార్చి, కారు వర్క్‌షాప్ మాన్యువల్‌లో ఇచ్చిన టార్క్ (బోల్టును తిప్పి బిగించే బలం) మేరకు బిగించండి.

తీగలు కలిపి, బ్యాటరీ తగిలించి, దీపాలన్నీ వెలిగించి చూడండి. స్టీరింగును రెండువైపులా చివరి వరకు తిప్పి టైరు ఎక్కడా తగలడం లేదని నిర్ధారించుకోండి. కొద్ది రోజులు నడిపాక బోల్టులను మరోసారి సరిచూడాలి. బంపరు రకం మార్చినప్పుడు మీ ప్రాంతపు వాహన నిబంధనలను చూసుకుని, బీమా సంస్థకు తెలియజేయండి. తీసిన బంపరుకు నూనె రాసి, దాని బ్రాకెట్లను, బోల్టులను పేరు రాసిన సంచిలో వేసి, ఆ ఫొటోలతో సహా భద్రపరచండి. కారును ఎప్పుడైనా అమ్మవలసి వస్తే, కొనేవారు తరచుగా అసలు భాగాలు ఉన్నాయా అనే ముందు అడుగుతారు.