ఇంట్లో వడ్రంగం – ఐదవ పాఠం: పొట్టును, ధూళిని లాగే ఏర్పాటును ఎంచుకోవడం

గత పాఠంలో ఏ యంత్రాన్ని గదిలో ఏ మూల నిలపాలో నిర్ణయించుకున్నాము. ఈ పాఠానికీ ఉదాహరణ ఆ గదే. ఇంటి కింద కారు నిలిపే చోట గోడ కట్టి వేరుచేసుకున్న, 10 అడుగుల వెడల్పు, 14 అడుగుల పొడవు గల గది అది. అందులో ఒక టేబుల్ సా (బల్లకు బిగించిన గుండ్రటి రంపం), ఒక ప్లేనర్ (చిత్రిక పట్టే యంత్రం), ఒక రూటర్ (చెక్కలో గాళ్ళు తీసే, అంచులు తీర్చే యంత్రం), చేతితో పట్టుకునే శాండింగ్ మెషిన్ ఉన్నాయి. ఈ నాలుగింటికి ఎలాంటి లాగుడు యంత్రం కావాలో పాఠం ముగిసేసరికి మీరే లెక్క వేయగలగాలి.

ముందుగా ఒక ప్రయోగం చేయండి. రాత్రిపూట ఒక ప్లైవుడ్ ముక్కను శాండింగ్ మెషిన్‌తో ఐదు నిమిషాలు నునుపు చేసి, ముక్కుకు మాస్కు తీయకుండానే దీపం ఆర్పి, పది నిమిషాలు ఆగి, టార్చిలైటును గదికి అడ్డంగా వేయండి. పని ఎప్పుడో ఆగిపోయినా ఆ వెలుగు దారిలో సన్నని ధూళి ఇంకా తేలుతూనే ఉంటుంది. కళ్ళంలో ధాన్యం తూర్పారబట్టడం చూసినవారికి ఇది కొత్త విషయం కాదు: గింజ కాళ్ళ దగ్గరే పడుతుంది, తాలు కాస్త దూరంగా పడుతుంది, దుమ్ము మాత్రం గాలిలోనే ఉండిపోతుంది. రంపపు పొట్టు, చిత్రిక పొట్టు నేలమీద పడి చీపురుకు అందుతాయి కనుక అవి గదికి చెత్తే గాని మనిషికి పెద్ద ప్రమాదం కావు. 10 మైక్రాన్లకన్నా సన్నని ధూళే ఊపిరితిత్తులలోకి దిగుతుంది; మనిషి వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు అని గుర్తు చేసుకుంటే అది ఎంత సన్ననిదో తెలుస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లో చెక్క ధూళిని మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. ముక్కుకు కండువా చుట్టుకుని పనిచేయడం మనలో చాలామందికి అలవాటే అయినా, కండువా నేతలోని సందులు ఈ ధూళికి సింహద్వారాల వంటివి.

ఇక యంత్రాల సంగతి. అంగళ్ళలో దొరికేవి ముఖ్యంగా రెండు రకాలు: వాక్యూమ్ క్లీనర్, డస్ట్ కలెక్టర్. వీటిని చిన్నది, పెద్దది అని మాత్రమే అర్థం చేసుకోవడమే మొదటి పొరపాటు, ఎందుకంటే వాటి స్వభావాలే వేరు. వాక్యూమ్ క్లీనర్ ఊదుగొట్టం వంటిది. లాగే గాలి తక్కువ, కాని లాగే బలం చాలా ఎక్కువ. నిమిషానికి 100 నుంచి 150 ఘనపుటడుగుల గాలినే లాగినా, నీటిని గొట్టంలో 60 అంగుళాలకు పైగా ఎత్తగల బలం దానికి ఉంటుంది. డస్ట్ కలెక్టర్ తూర్పారబట్టే చేట వంటిది. నిమిషానికి కొన్ని వందల ఘనపుటడుగుల గాలిని కదిలిస్తుంది గాని, దాని బలం 8 నుంచి 12 అంగుళాల నీటికి మించదు. కనుక మొదటిదానికి సన్నని గొట్టం, రెండవదానికి లావు గొట్టం తప్పనిసరి.

ఎందుకు తప్పనిసరో ఒక లెక్కతో చూద్దాము. చెక్క పొట్టు గొట్టంలో కింద పేరుకోకుండా సాగిపోవాలంటే, గాలి వేగం నిమిషానికి సుమారు 4,000 అడుగులు ఉండాలన్నది ఈ పనిలో స్థిరపడిన లెక్క. గొట్టం నోటి వైశాల్యాన్ని చదరపుటడుగులలో తీసుకుని ఈ వేగంతో గుణిస్తే కావలసిన గాలి వస్తుంది. రెండున్నర అంగుళాల గొట్టానికి అది నిమిషానికి 136 ఘనపుటడుగులు, 4 అంగుళాల గొట్టానికి దాదాపు 350. నిమిషానికి 120 ఘనపుటడుగులు లాగే వాక్యూమ్ క్లీనర్‌ను 4 అంగుళాల గొట్టానికి తగిలిస్తే, అందులో గాలి వేగం 1,400 అడుగులైనా దాటదు; వారం తిరిగేలోపు గొట్టం పొట్టుతో పూడిపోతుంది. దీనికి ఎదురుపొరపాటూ అంతే నష్టం: డస్ట్ కలెక్టర్‌కు రెండున్నర అంగుళాల గొట్టం తగిలిస్తే, బలం చాలక అది లాగగలిగిన గాలిలో చాలా భాగం అక్కడే ఆగిపోతుంది. పెట్టెమీద ముద్రించిన గాలి అంకెలు సాధారణంగా గొట్టం, ఫిల్టరు తగిలించకుండా కొలిచినవి కనుక నేను వాటిలో సగాన్నే లెక్కలోకి తీసుకుంటాను. హార్స్‌పవర్ అంకెను కూడా మోటారు పలకమీద రాసిన వాట్లు, ఆంపియర్లతో పోల్చి చూడనిదే నమ్మవద్దు. ఒక హార్స్‌పవర్ అంటే 746 వాట్లు.

ఇప్పుడు మన నాలుగు యంత్రాలకు వద్దాము. శాండింగ్ మెషిన్ అన్నిటికన్నా చిన్నదే గాని అన్నిటికన్నా సన్నని ధూళి చేసేది అదే. దాని ధూళి నోరు ఒకటి రెండు అంగుళాల లోపే ఉంటుంది కనుక వాక్యూమ్ క్లీనరే దానికి తగినది. రూటర్‌కూ అదే చాలు. చిన్న టేబుల్ సాకు కూడా వాక్యూమ్ క్లీనర్ పనికివస్తుంది; అయితే కింది నోటినుంచి మాత్రమే లాగితే బ్లేడు పళ్ళు పైకి విసిరే ధూళి మీ ముఖంమీదికే వస్తుంది కనుక, బ్లేడు మీది గార్డుకు కూడా ఒక సన్నని గొట్టం కలపాలి. తెలంగాణ వడ్రంగులు రందా అనే చిత్రిక పనిని చేసిపెట్టే ప్లేనర్ మాత్రం వేరే జాతి. క్షణాలలో బుట్టెడు పొట్టు కక్కే ఆ యంత్రానికి 4 అంగుళాల గొట్టం, కనీసం ఒకటిన్నర హార్స్‌పవర్ డస్ట్ కలెక్టర్ కావాలి. నెలకు ఒకటి రెండు సార్లే ప్లేనర్ వాడేవారు దానిని వాకిట్లోకి తెచ్చుకుని పని ముగించడం మేలని నా అభిప్రాయం; ఆ డబ్బును మంచి ఫిల్టరుమీద పెట్టవచ్చు.

వాక్యూమ్ క్లీనర్ కొన్నవారు దానితోపాటు సైక్లోన్‌ను కూడా తప్పక కొనాలి. ఈ గరాటు వంటి పాత్రలో గాలి సుడి తిరుగుతుంది. బరువైన పొట్టు గోడకు ఒరుసుకుంటూ కిందనున్న బకెట్టులో పడగా, సన్నని ధూళి మాత్రమే ఫిల్టరు దాకా వెళుతుంది. దానివల్ల ఫిల్టరు త్వరగా మూసుకుపోదు, లాగుడు తగ్గదు. కింద పెట్టే బకెట్టు మందంగా, మూత బిగువుగా ఉండాలి. నేను మొదట పలుచని బకెట్టు ఒకటి పెట్టాను. గొట్టం నోటికి ఒక చెక్కపేడు అడ్డుపడగానే ఆ బకెట్టు పెద్ద చప్పుడుతో లోపలికి నొక్కుకుపోయింది, ఇంట్లోవాళ్ళు ఏదో పేలిందనుకుని పరుగెత్తుకొచ్చారు.

ఫిల్టరు విషయంలో రాజీ పడవద్దు. 30 మైక్రాన్ల గుడ్డసంచి తగిలించిన డస్ట్ కలెక్టర్ పొట్టును పట్టి, ప్రమాదకరమైన ధూళిని గదంతా చల్లుతుంది. దానికన్నా చీపురే నయం. డస్ట్ కలెక్టర్‌కు 1 మైక్రాన్ ఫిల్టరు, వాక్యూమ్ క్లీనర్‌కు 0.3 మైక్రాన్ల కణాలలో 99.97 శాతాన్ని పట్టే హెపా ఫిల్టరు అడగండి. మన ఉష్ణప్రదేశంలో ఇంకొక దారీ ఉంది: కలెక్టర్‌ను గోడ అవతల రేకుల గూటిలో పెట్టి, పొరుగువారికి ఇబ్బంది లేని వైపుకు గాలిని వదిలేయడం. అప్పుడు గదిలోకి ధూళి తిరిగిరాదు, మోటారు రొదా తగ్గుతుంది. లాగిన గాలికి బదులు గాలి వచ్చేలా ఎదురు కిటికీ తెరిచి ఉంచితే చాలు. అమెరికాలో గరాజుల్లో పనిచేసుకునే మనవారు మాత్రం ఈ పద్ధతిని గుడ్డిగా అనుసరించకూడదు: అక్కడ గ్యాసుతో నడిచే వాటర్ హీటర్ ఉంటే, మూసిన గదినుంచి గాలిని బయటికి లాగినప్పుడు దాని పొగగొట్టంలోని విషవాయువు వెనక్కి మళ్ళి గదిలోకి రావచ్చు.

ఏ ఏర్పాటు చేసుకున్నా శాండింగ్ వేళ మాస్కు తీయవద్దు, మాస్కులకున్న భారత ప్రమాణం ఐ.ఎస్. 9473, అందులోని ఎఫ్.ఎఫ్.పి. 2 తరగతి ముద్ర ఉన్నదాన్ని ముక్కుకు సందు లేకుండా అమర్చుకోవాలి.

చివరిగా కరెంటు. 1,800 వాట్ల టేబుల్ సా, 1,400 వాట్ల వాక్యూమ్ క్లీనర్ కలిసి 230 వోల్టుల దగ్గర సుమారు 14 ఆంపియర్లు తీసుకుంటాయి. మోటార్లు మొదలయ్యే క్షణంలో ఇంకా ఎక్కువ. రెండింటినీ ఒకే 16 ఆంపియర్ల ప్లగ్గుకు కలపకుండా ఎలక్ట్రీషియన్‌తో వేరొక లైను వేయించుకోండి.

వచ్చే పాఠానికి ముందు మీ యంత్రాల ధూళి నోళ్ళను వెర్నియర్‌తో, లోపలి కొలత, బయటి కొలత రెండూ తీసి రాసిపెట్టుకోండి. నాలుగు అంగుళాలదని మన అంగళ్ళలో ఇచ్చే పి.వి.సి. పైపు బయటి కొలత 110 మిల్లీమీటర్లు. యంత్రం నోరు చాలా సార్లు 100 మిల్లీమీటర్లే ఉంటుంది. ఈ రెండింటిని గాలి కారకుండా కలిపే పద్ధతితోనే ఆరవ పాఠం మొదలవుతుంది.